నరసన్న పేరు పోగొట్టుకున్న విధం

మైదుకూరు,
ఫిబ్రవరి నెల.

అక్క మల్లక్కకు తమ్ముడు నరసన్న నమస్కారాలు.

ఇక్కడ మేం బాగున్నాం. మగ్గం ఆడుతోంది. నీ మరదలు కృష్ణవేణి మోకాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఆమె మాట వినడం లేదు. బావను అడిగానని చెప్పు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. ఇప్పుడు రాసే సంగతి ఫోన్‌లో మాట్లాడితే ఎవరో ఒకరు రికార్డు చేస్తారని బసవరాజ్ అన్నాడు. నూలు కొట్టులో గుమాస్తా, ఆదోని వైపు మనిషి. ఇన్నేళ్లుగా పొద్దున టీ అతనితోనే. నువ్వెప్పుడూ చూడలేదు గానీ నా మాటల్లో వినే ఉంటావు.

సంగతి ఏమిటంటే, మీ కోసిగి మనిషి ఒకతను ఇక్కడ చనిపోయాడు. పేరు చిన్న ఈరన్న. భార్యతో కలిసి పసుపు తవ్వే కూలికి వచ్చాడు. తెల్లవారుజామున నేను టీకి పోతుంటే, తలకు తువ్వాలు చుట్టుకుని రోడ్డు పక్క మట్టిలో నాకు ముందు నడుస్తున్నాడు. వెనక నుంచి తెల్లకారు మట్టిలోకి దిగి అతన్ని లేపి పడేసింది. కారు ఆగింది. స్టీరింగు దగ్గర నుంచి అవినాష్ దిగాడు. మా ఉమామహేశ్వర గారి కొడుకు. నన్ను చూశాడు, ఈరన్నను చూశాడు, మళ్లీ ఎక్కి పోయాడు. నేను ఈరన్న తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు అడిగాడు. నా దగ్గర లేవు.

పోలీసులు నా పేరు సాక్షిగా రాసుకున్నారు. మా మగ్గం ఉన్న షెడ్డు ఉమామహేశ్వర గారిదేనని నీకు తెలుసు. షెడ్డే కాదు, ఈ వీధిలో సగం ఆయనదే. నిన్న స్వయంగా ఇంటికి వచ్చాడు. "కోర్టులో ఎవురేమడిగినా నిదానంగా చెప్పొచ్చులేప్పా. నీయట్లా నిజాయితీ మనిషి ఈ ఊర్లో ఇంగెవురుండారు?" అన్నాడు. అంతే. 

ఇట్లు,
నీ తమ్ముడు నరసన్న.

తా.క.: ఆయన మా ఇంట్లో కాఫీ తాగడం ఇదే మొదలు. కృష్ణవేణి హడావిడిలో చక్కెర బదులు ఉప్పు వేసింది. ఆయన మొత్తం తాగి, చాలా బాగుందన్నాడు. నాకు అప్పుడే భయం వేసింది.

---

కోసిగి.

తమ్ముడు నరసన్నను దీవించి అక్క రాసేది.

ఈరన్న ఇల్లు మా వెనక వీధిలోనే. భార్య పేరు ఉరుకుందమ్మ. వాళ్ల పెద్దబ్బాయిని మా అంగన్‌వాడీలో నేనే గుడ్డు, పాలు పెట్టి పెంచాను. మనిషిని తెచ్చిన రోజు ఆమె ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగింది. "మీ తమ్ముడు సూసినాడంట గదక్కా?"

"సూసినాడు. మా నర్సన్న పుట్టినప్పటి నుంచి అబద్ధమాడి ఎరగడు" అన్నాను. ఆ మాట కోసిగి అంతా పాకింది. ఇప్పుడు నేను కుళాయికి పోతే నాకు ముందు బిందె పెట్టనిస్తున్నారు. ఆ పేరు నిలబెట్టు నాయనా. ఇంకేం అడగను.

దీవెనలతో,
మల్లక్క.

తా.క.: అమ్మ దాచిన బెల్లం పిల్లి తినిందని ఒకసారి చెప్పావు. అది ఎవరికీ చెప్పలేదు. పిల్లి మన ఇంట్లో లేదని కూడా చెప్పలేదు.

---

మైదుకూరు,
మార్చి మొదట్లో.

అక్కకు నరసన్న నమస్కరించి రాసేది.

పేరు నిలబెట్టమన్నావు. అది ఇప్పుడు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ఉంది, ఇద్దరు మనుషులంత ఎత్తున.

బస్టాండు బెంచీ మీద ఎవరో మరిచిపోయిన సంచి దొరికితే, అందులో పొలం పాస్‌బుక్కులు చూసి, అడ్రసు కనుక్కుని ఇచ్చి వచ్చాను. ఎవరైనా చేసే పనే. ఆ మనిషి ఉమామహేశ్వర గారి బంధువట. ఆయన తన పుట్టినరోజు సభలో నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పాడు. "మైదుకూరుకు మచ్చలేని మాట ఏదంటే, అది మా నర్సన్న మాట" అని మైకులో చెప్పాడు. మర్నాటికి ఫ్లెక్సీ లేచింది.

అక్కా, నీ దగ్గర దాచడమెందుకు. పని లేకపోయినా ఆ బొమ్మ కింద నుంచి నడిచి వచ్చాను. మగ్గం గుంతలో కూర్చున్నవాడిని ఊరు ఎప్పుడూ వంగి చూస్తుంది. తలెత్తి చూడటం ఇదే మొదలు. బాగుంది.

ఇట్లు,
నరసన్న.

తా.క.: ఫ్లెక్సీలో తల నాది, ఒళ్లు ఇంకెవరిదో. చేతికి ఉంగరం ఉంది. అది ఎక్కడ పెట్టావని కృష్ణవేణి అడుగుతోంది. ఇంకో మాట, శాలువా పాలిస్టరు. పవర్‌లూమ్ మీద నేసింది. నేతవాడికి.

---

కోసిగి.

చిరంజీవి నరసన్నకు అక్క ఆశీస్సులు.

ఫ్లెక్సీ ఫోటో ఎవరో తెచ్చి చూపించారు. మా ఆయన మూడు వైపుల నుంచి చూసి "ఇంత లావెప్పుడైనాడు?" అన్నాడు. ఉరుకుందమ్మ ఆ ఫోటోకు దండం పెట్టింది. వద్దన్నా వినలేదు.

కానీ నాకు ఒకటి అర్థం కావడం లేదు. కొడుకు మీద సాక్ష్యం చెప్పబోయేవాడికి తండ్రి శాలువా ఎందుకు కప్పుతాడు? ఆయన అంత ధర్మాత్ముడా? రాయి.

ఇట్లు,
మల్లక్క.

తా.క.: ఆయన ధర్మాత్ముడైతే సరే. కాకపోతే ఆ శాలువా మెడకు చుట్టుకోవద్దు.

---

మైదుకూరు,
ఉగాది వెళ్లిన వారం.

అక్కకు,

నీ అనుమానమే నిజమైంది. పండగ నాడు ఉమామహేశ్వర గారు పిలిపించాడు. తన చేత్తో పచ్చడి ఇచ్చి చెప్పాడు. "ఈరన్న తాగి తూలుతా రోడ్డు మీదికొచ్చినాడు. బండి తోలింది డ్రైవరు. ఇంతే చెప్పాల. నువ్వు చెప్తే ఇంగ ఎవురూ ఎదురు మాట్లాడరు. నీ పేరు అట్లాంటిది. ఆ పేరు యాడనుంచి వచ్చిందో నీకు తెలుసు గదా." తర్వాత, నేను అడగకుండానే, మగ్గాల షెడ్డు పడగొట్టి కాంప్లెక్సు కట్టాలని కొడుకు తొందరపెడుతున్నాడనీ, తానే ఆపుతున్నాననీ చెప్పాడు.

కాదని చెప్పి రాలేకపోయాను. అవుననీ చెప్పలేదు. పచ్చడి తిని వచ్చాను.

బసవరాజ్‌కు చెప్పుకున్నాను. అతను ఒక దారి చూపించాడు. "కాదనే ధైర్యం నీకు లేదు. అవుననే మనసు లేదు. ఇంగేం మిగిలింది? నీ మాటకు ఇలువ లేకుండా చేసుకో. అబద్ధాలకోరువని, తాగుబోతువని ఊరంతా అనుకుంటే ఆయనే నిన్ను వొద్దంటాడు. షెడ్డూ మిగులుతాది, పాపమూ తప్పుతాది." ఎంత తెలివో చూడు. ఆ రోజే మొదలుపెట్టాను.

ముందు అబద్ధం. కమలాపురంలో కోళ్లు కొట్టుకుపోయేంత వాన పడిందని టీ కొట్టులో గట్టిగా చెప్పాను. అందరూ ఆకాశం చూశారు. మబ్బు ముక్క లేదు. సాయంత్రానికి కమలాపురంలో నిజంగానే కుండపోత. ఇప్పుడు రైతులు ఇంటికి వచ్చి దుక్కి ఎప్పుడు దున్నాలో అడుగుతున్నారు.

తర్వాత దొంగతనం. పక్కింటి పుల్లయ్య కోడిని పట్టపగలు, అతను చూస్తుండగా చంకలో పెట్టుకుని వచ్చాను. అతను వెనకాలే వచ్చి, "ఆ కోడి మిగతావాటినన్నిటినీ పొడుస్తాండాదప్పా. అడక్కుండానే నా కష్టం కనిపెట్టినావు" అని చేతులు పట్టుకున్నాడు.

చివరికి తాగుడు. మందు నా గొంతు దిగదని నీకు తెలుసు. నోట్లో పోసుకుని పుక్కిలించి, మిగిలింది చొక్కా మీద చల్లుకుని బస్టాండు ముందు పడుకున్నాను. ఎండదెబ్బ తగిలిందని మజ్జిగ తాగించారు. ఒకావిడ విసనకర్ర కూడా తెచ్చింది. అక్కా, మంచి పేరు బంక లాంటిది. ఎంత గీకినా పోవడం లేదు.

అయినా వదలను. నా గురించి చెడ్డగా వింటే కంగారుపడకు, అదంతా ఉత్త నాటకం. ఎవరైనా అడిగితే నువ్వూ నాలుగు తిట్టు. నిజం తెలిసింది నీకూ బసవరాజ్‌కూ మాత్రమే. ఈ ఉత్తరం అతనే పోస్టు చేస్తానని పక్కన కూర్చున్నాడు.

ఇట్లు,
నరసన్న.

తా.క.: కోడి మా ఇంట్లో హాయిగా గుడ్లు పెడుతోంది. కృష్ణవేణి వాటిని లెక్కగా పుల్లయ్యకు పంపిస్తోంది. మా ఇంట్లో దొంగతనం కూడా సరిగ్గా సాగదు.

---

కోసిగి,
జూన్ నెల.

నరసన్నకు అక్క రాసేది.

ఉగాది పోయి ఇన్నాళ్లయింది. నీ నుంచి ఒక్క ముక్క లేదు. నా ప్రశ్నకు జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు.

నీ దగ్గర నుంచి రాకపోయినా నీ సంగతులు వస్తున్నాయి. మైదుకూరు నుంచి తిరిగి వచ్చిన కూలీలు చెప్పారు. బస్టాండులో పడి ఉంటున్నావట. మొదట అందరూ జాలిపడ్డారట గానీ ఇప్పుడు పక్కకు జరిగి పోతున్నారట. ఎవరి కోడినో ఎత్తుకుపోయావట. నేను నమ్మలేదు. చెప్పినవాళ్లతో కొట్లాడాను.

నిన్న ఉరుకుందమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "మీ తమ్ముడు ఆ కారోళ్ల మందే తాగుతాండాడంటనే, అక్కా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పు. అమ్ముడుపోయావా?

మల్లక్క.

తా.క.: మందు మానడానికి బావ పసరు చెప్పాడు. ఆయన ఒకప్పుడు తాగి మానినవాడే. అది తాగితే మందు మానడం ఖాయం, అన్నం కూడా మానేస్తారు.

---

మైదుకూరు,
జూలై నెల.

అక్కకు నరసన్న నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఎన్నాళ్లకో నవ్వాను. ఎంత బాగా రాశావు. కన్నీటి చుక్క పడి ఇంకు చెదిరిన చోటు మరీ బాగుంది. ఎవరు విప్పి చదివినా నమ్మి తీరతారు. నీకు అన్నీ తెలుసు కాబట్టి ఎక్కువ రాయను.

ఇక్కడ పని పూర్తయింది. మా నేతవాళ్ల సంఘం గదిలో నూలు బేళ్లు మాయమయ్యాయి. ఎవరు తీశారో తెలియదు. ఇదే అదను అన్నట్టు బసవరాజ్ నా వైపు చూశాడు. మీటింగులో లేచి, నేనే తీశానన్నాను. కోడి వేరు, నూలు వేరు. నూలంటే అందరి కూడు.  నాతో పాటు పడుగులు తీసి పెరిగినవాళ్లు ఒక్కొక్కరే లేచి బయటికి పోయారు.

ఇప్పుడు నాకు పడుగు ఇచ్చేవాళ్లు లేరు. మగ్గం ఆగింది. ఫ్లెక్సీ చింపి ఎవరో గేదెల కొట్టం మీద కప్పుకున్నారు. కృష్ణవేణి కమలాపురం పుట్టింటికి పోయింది. "తీసినావా లేదా నాకు చెప్పొద్దు. తీసినానని నలుగుర్లో చెప్పినావు. అది చాలు" అంది. ఆమెకు కోర్టు అయ్యాక చెప్పుకుంటాను.

ఉమామహేశ్వర గారు నన్ను పిలవడం మానేశాడు. బసవరాజ్ అన్నట్టే జరిగింది.

ఇట్లు,
నరసన్న.

తా.క.: నీ తిట్లు ఇంకొంచెం గట్టిగా ఉంటే బాగుండేది.

---

కోసిగి.

నరసన్నకు,

నేను ఏడుస్తూ రాస్తే నవ్వుకున్నావు. కన్నీళ్లు బాగున్నాయన్నావు. నూలు దొంగతనం చేశానని పండగ కబురు రాసినట్టు రాశావు. ఇది తాగి రాసిన ఉత్తరమని బావ అన్నాడు. నాకు అలా కూడా అనిపించలేదు. మనిషే మారిపోయాడనిపించింది.

నీ ఉత్తరం వచ్చిన వారానికే తాగుడు మాన్పించే ఆస్పత్రి నుంచని ఒకాయన వచ్చాడు. నెమ్మదైన మనిషి. మన ఇంట్లో జొన్నరొట్టె తిన్నాడు. నిన్ను చేర్చుకుంటారట, ఖర్చు లేదట. ఇంటివాళ్లు రోగి సంగతి ఉన్నదున్నట్టు చెబితే డాక్టరు గారు ఫోన్‌లో చూస్తారన్నాడు. చెప్పాను. కడుపులో ఉన్నదంతా చెప్పాను. తాగుబోతువన్నాను, దొంగవన్నాను, చిన్నప్పటి నుంచి నీ నోట నిజం రాదన్నాను. బెల్లం సంగతి కూడా చెప్పాను.

ఆస్పత్రివాళ్లు వస్తే పో. బాగుపడేదాకా నాకు రాయవద్దు.

మల్లక్క.

తా.క.: గట్టి తిట్లు అడిగావు. రాద్దామనుకున్నాను. పోస్టుమాన్ పెళ్లికాని పిల్లవాడు, పొరపాటున చదివితే బాగుండదని ఆగాను.

---

మైదుకూరు,
జనవరి నెల.

అక్కకు,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను. ఈ ఉత్తరం నేనే నడిచిపోయి డబ్బాలో వేస్తాను. చెయ్యి లోపలికి పెట్టి, పడిందో లేదో చూసుకుంటాను.

ఉగాది తర్వాత నేను నీకు పెద్ద ఉత్తరం రాశాను. నా తాగుడూ దొంగతనమూ నాటకమని అందులో ఉంది. అబద్ధం చెప్పమన్నారని, చెప్పలేక పేరు పాడుచేసుకుంటున్నానని ఉంది. పోస్టు చేస్తానని బసవరాజ్ పట్టుకుపోయాడు. అది నీకు అందిందనే అనుకున్నాను. నీ కోపం నటన అనుకుని మెచ్చుకున్నాను. ఆస్పత్రి మనిషి సంగతి రాస్తే, అది కూడా నీ కల్పనే అనుకున్నాను.

ఈ నెల మొదట్లో కోర్టులో నన్ను పిలిచారు. ఏదడిగినా గుర్తులేదని చెప్పి దిగుదామని పోయాను. ఎదుటి బెంచీ మీద ఉరుకుందమ్మ కూర్చుని ఉంది. అవినాష్ లాయరు లేచి, చనిపోయినవాడు తాగి ఉన్నాడు గదా అన్నాడు. ఆమె తల దించుకుంది. అది చూశాక నా నోట నిజం వచ్చేసింది. కారు తోలింది అవినాషేనని, ఈరన్న మట్టిలో తిన్నగా నడుస్తున్నాడని, అతని దగ్గర మందు వాసన లేదని, తల నా ఒళ్లోనే ఉందని అంతా చెప్పాను. చెబుతుంటే ఒళ్లు తేలికైంది.

లాయరు కోప్పడలేదు. "నరసన్న గారూ, సంఘం నూలు తీసింది మీరేనా?" అని అడిగాడు. అవునంటే దొంగను. కాదంటే, నిండు మీటింగులో అబద్ధం చెప్పినవాడిని.  తర్వాత కోడి సంగతి అడిగాడు. బస్టాండులో పడుకున్న ఫోటోలు చూపించాడు. చివరికి ఒక వీడియో పెట్టించాడు. నువ్వు మంచి చీర కట్టుకుని, మంచం మీద కూర్చుని, మా తమ్ముడి నోట నిజం రాదని చెబుతున్నావు. గొంతు వణుకుతోంది. అది నటన కాదని అప్పుడు తెలిసింది. మధ్యలో "ఇంగొంచెం దగ్గరికి జరిగి చెప్పమ్మా" అన్న గొంతు వినిపించింది. బసవరాజ్ గొంతు. ఆస్పత్రి మనిషినని నీ రొట్టె తిన్నది అతనే. తల తిప్పి చూస్తే లాయరు వెనక వరసలో కూర్చుని ఉన్నాడు.

బయట ఉమామహేశ్వర గారు నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు నాకోసం అబద్ధం చెప్పవని ఉగాది నాడే తెలుసప్పా. పచ్చడి మింగలేక మింగినావు. అట్లాంటోడు యా రోజుకైనా నిజం చెప్తాడు. చెప్పుకోనీలే, నమ్మేటోడు లేకుంటే చాలు అనుకున్నా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. మంచి పేరు ఇచ్చినప్పుడు ఎలా మాట్లాడాడో ఇప్పుడూ అలాగే మాట్లాడాడు.

వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. అవినాష్‌ను వదిలేశారు. నా సాక్ష్యం నమ్మదగ్గది కాదన్నారు. ఈరన్న తాగి రోడ్డు మీదికి వచ్చాడన్న మాటే మిగిలింది.

నిన్ను తప్పు పట్టడం లేదు. పేరు ఉన్నప్పుడు నిజం దాచాలని చూశాను, పేరు పోయాక నిజం చెప్పాను.

ఇట్లు,
నరసన్న.

తా.క.: కోర్టు మెట్ల దగ్గర బసవరాజ్ నా కళ్లలోకి చూడకుండా, "టీ తాగుదామా?" అన్నాడు. అలవాటు కొద్దీ తలూపాను. తాగాను కూడా. 

---

కోసిగి,
ఫిబ్రవరి నెల.

నా తమ్ముడు నరసన్నకు మల్లక్క రాసేది.

నీ ఉత్తరం బావ చేత కూడా చదివించుకున్నాను, నేను తప్పు చదివానేమోనని. తర్వాత పొయ్యి ముట్టించలేదు. ఆ వచ్చినవాడికి రెండో రొట్టె వేసింది నేనే. నెయ్యి కూడా రాశాను.

ఏడుస్తూ కూర్చుంటే కుదరదు కాబట్టి అసలు సంగతి రాస్తాను. ఉరుకుందమ్మ వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే పడదామని కొంగు బిగించుకుని నిలబడ్డాను. ఆమె లోపలికి వచ్చి కింద కూర్చుంది.

"మీ తమ్ముడు మందు తాగేటోడో కాదో నాకు తెల్దక్కా. నూలు తీసినాడో లేదో నాకొద్దు. ఆ కోర్టులో అంతమందిలో, నా మొగుడు తిన్నగా నడుస్తా పోతాండాడని చెప్పినోడు ఆయప్ప ఒక్కడే" అంది.

మైదుకూరు నుంచి తీర్పు కంటే ముందే మాట కోసిగి చేరింది నర్సా. ఈరన్న తాగి చచ్చాడని అరుగుల మీద చెప్పుకుంటున్నారు. వాళ్ల పెద్దబ్బాయిని బడిలో తాగుబోతోడి కొడుకని పిలుస్తున్నారట. వాడు బడి మానేశాడు. ఆ మనిషి జన్మలో మందు ముట్టలేదు. సుగ్గికని కూలికి వలస పోయిన చోట తోటి కూలీలు తాగుతుంటే వాళ్ల పిల్లలను తాను ఆడించేవాడట.

"కోర్టుకు ఇనపడకపోతే పోనీ. మా వీధికి ఇనపడాల. నేను చెప్తే పెండ్లాం గదా, అట్లనే చెప్తాదంటారు. సూసినోడు వచ్చి చెప్పాల. నా మొగుడి ఏడాది దినానికి రమ్మని రాయి అక్కా" అంది.

అందుకే రాస్తున్నాను. కమలాపురం పోయి, కృష్ణవేణి కాళ్లు పట్టుకునైనా సరే, జరిగింది చెప్పి ఆమెను వెంటబెట్టుకుని రా. మగ్గం ఎమ్మిగనూరులో చూద్దాం, అక్కడా నేతవాళ్లున్నారు. శాలువాలు కప్పేవాళ్లు ఎవరూ లేరు. ఈరన్న ఇంటి ముందు నిలబడి, ఆ రోజు ఏం చూశావో ఆ పిల్లవాడికి వినపడేలా చెప్పు. తర్వాత సంగతి తర్వాత.

ఎదురుచూస్తూ,
నీ అక్క మల్లక్క.

తా.క.: ఆ ఫోన్‌లో నేను చెప్పిందంతా కోపంలో చెప్పిన అబద్ధమని నిన్న కుళాయి దగ్గర అందరి ముందూ ఒప్పుకున్నాను.  నీళ్లకు వచ్చిన శివకుమారి బిందె చంకనెత్తుకుంటూ అడిగింది. "అప్పుడు చెప్పింది అబద్ధమా అక్కా, ఇప్పుడు చెప్తాండేది అబద్ధమా?"  నువ్వు వచ్చి చెప్పినా నమ్ముతారో లేదో తెలియదు. అయినా రా.